వాలుగీత

పెన్సిలుకు మొన తీసి, రజను పొట్లం కట్టి బుట్టలో వేసి, నిమిషాల మేస్త్రీ గడియారం చూశాడు. ఏడూ పది. ముప్పై రెండేళ్ళుగా రైళ్ళ టైంటేబుళ్ళు గీస్తున్న మనిషికి ఆఫీసులో వాళ్ళు పెట్టిన పేరది. ఇంట్లో భార్య మరో మాట అనేది: "ఈయన తుమ్మాలన్నా టైం చూసుకుంటారు."

ఎదురుగా గోడంత పటం. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు, మధ్యలో ఏటవాలుగా పాకే ఒక్కో గీతా ఒక్కో రైలు. రైలు ఆగిన చోట గీత మెట్టులా చదునవుతుంది. ఒక్కో మెట్టు నాలుగు నిమిషాలు తినేస్తుంది. పొద్దుటి బండిని పన్నెండు నిమిషాలు ముందు చేర్చమన్నాడు కొత్త అధికారి. పద్నాలుగు వందల మంది దిగే బండి. మూడు మెట్లు చెరిపేస్తే సరి. మూడోది తొమ్మిది మంది ఎక్కే చిన్న స్టేషను. ఆ తొమ్మిది మందిలో ఒకరు మేస్త్రీ అక్క.

వారానికి మూడుసార్లు ఆమె ఆ బండిలో ఆసుపత్రికి వెళ్ళి, రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన నాలుగు గంటలు పడుకుని వచ్చేది. రెండు రోజులు ఖాళీ పడ్డాక వచ్చే సోమవారం మాత్రం తప్పకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమె కోసమే ఆ మెట్టును ఆరేళ్ళు ఏదో ఒక సాకుతో కాపాడుకొచ్చాడు. ఈసారి సాకు దొరకలేదు. రబ్బరు తనే పట్టుకున్నాడు.

చెప్పడానికి నోరు రాలేదు. మొన్న శుక్రవారం వెళ్ళి, అరగంట మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి, లేచేటప్పుడు కొత్త టైంటేబుల్ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"బండి టైం మారిందక్కా. ఓసారి చూసుకో."

"కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో. తర్వాత చూస్తాలేరా," అంటూ ఆమె దాన్ని సంచిలో పడేసుకుంది.

బతికానురా దేవుడా అనుకున్నాడు. పిరికివాడు కాగితం చాటున దాక్కున్నాడు, అంతే. అందులో అంతా ఉందిగా, చూసి బస్సులో పోతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

అందులో ఉన్నది ఆమె స్టేషను పేరు, ఎదురుగా 7.14, అంకె ముందు సన్నటి వాలుగీత. టైంటేబుళ్ళు గీసే అతని గది కాగితాల్లో ఆగని స్టేషనుకూ వేళ రాస్తారు, బండి దాన్ని దాటిపోయే వేళ. వాలుగీత ఉంటే ఆగదని గుర్తు. అతనికది పెద్ద అక్షరాలతో రాసినంత స్పష్టం. బయటివాళ్ళకు ఆ సంగతి తెలియదని అతనికి తట్టనేలేదు.

ఇవాళ సోమవారం. కొత్త టైంటేబుల్ మొదటి రోజు. ఫోన్ మోగింది.

"ఏడూ పద్నాలుగుకి దాటిందండీ," అన్నాడు చిన్న స్టేషను గుమాస్తా. "సెకను తేడా లేదు."

తొమ్మిదింటికి అధికారి వచ్చి భుజం తట్టాడు. "పన్నెండు నిమిషాలు, మేస్త్రీగారూ. ఎంతమంది మీకు రుణపడి ఉన్నారో చూడండి." మేస్త్రీకి సంతోషమే వేసింది.

పదకొండున్నరకు మళ్ళీ అదే గొంతు.

"ఇక్కడ బెంచీ మీద ఓ పెద్దావిడండీ. ఆవిడ దగ్గర కాగితం మీద మీ గది ముద్రుంటే ఫోన్ చేశాను. బండి ఆగదమ్మా, బస్సుకెళ్ళండని పొద్దున్నే చెప్పాను. వినలేదు. అది వేరే బండి, నాది వెనకొస్తుంది, మా తమ్ముడు టైం రాసిచ్చాడని కూర్చున్నారు. ఇప్పుడు లేపబోతే ఒళ్ళు చల్లబడిపోయుందండీ."

రెండు బస్సులు మారి వెళ్ళేసరికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. ఆ రోజు నోరు తెరిచి చెప్పుంటే నిమిషం కూడా పట్టేది కాదు.

ఆమెను అప్పటికే లోపలి గదికి చేర్చి దుప్పటి కప్పారు. బెంచీ మీద ఆమె కళ్ళద్దాలు, వాటి కింద మడతలు విప్పిన కాగితం. వాలుగీతతో సహా 7.14 చుట్టూ సున్నా చుట్టి, పక్కన వంకర అక్షరాలతో ఆమె రాసుకుంది: తమ్ముడి బండి.