నూట ఇరవై ఎనిమిది బై ఎనభై రెండు

లింగవ్వ బీపీ కొలవకుండానే కొలిచినట్టు రాసిన రోజు కృపాజ్యోతికి తప్పు చేస్తున్నాననిపించలేదు. ఈ నెల పని తెమిలిందనిపించింది, అంతే.

పోచారం ప్రాజెక్టు కింద నాలుగు ఊళ్లు ఆమెవి. సంజీవధార ట్రస్టులో చేరి పదకొండేళ్లయింది. ఎల్లారెడ్డిలో ట్రస్టుకో క్లినిక్ ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో నలభై మంది కార్యకర్తలు బీపీ, షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లకు నెలనెలా వెళ్లి కొలుస్తారు, ఆ నెలకు మాత్రలిస్తారు. మొదట్లో లాంగ్ నోట్‌బుక్కులుండేవి. మనిషి దొరక్కపోతే ఆ గడిలో "ఊరికి పోయింది" అని రాసి పక్కింటికి పోయేది. రెండేళ్ల కిందట ట్యాబులు వచ్చాయి. ట్యాబులో ఆ మాట రాసే చోటు లేదు. కొలిచారు, చనిపోయారు, శాశ్వతంగా ఊరు విడిచారు, ఈ మూడింట్లో ఒకటి నొక్కాలి. ఏదీ నొక్కకపోతే పేరు ఎర్రగా ఉండిపోతుంది, ఆ మనిషికి వచ్చే నెల మాత్రలు రావు.

ఆ నెలాఖరున నాలుగువందల పన్నెండు పేర్లలో లింగవ్వ పేరొక్కటే ఎర్రగా మిగిలింది. ఇంటికి పోతే ఆమె భర్త దేవన్న వాకిట్లో పారకు కర్ర బిగిస్తున్నాడు.

"అవ్వ లేదా బాపూ?"

"బిడ్డ కానుపుకు భిక్నూర్ పోయింది నర్సమ్మా. ఇరవై రోజులాయె."

"మాత్రలు తీస్కపోయిందా?"

"తీస్కపోయే ఉంటది," అన్నాడు దేవన్న పార మీంచి చూపు తిప్పకుండా.

అంతలోనే సూపర్‌వైజర్ బాలకృష్ణ ఫోను. "కృపా, నీదొక్కటే ఆగింది. నీది అయితే మనది నూటికి నూరు. సాయంత్రం అయిదుకు ఈ నెల లెక్క మూసేస్తరు."

ఆమె గోడకు ఆనుకొని నిలబడి 128/82 అని కొట్టింది. 120/80 అని కొట్టకూడదు. సున్నాలు ఎక్కువైతే కంప్యూటరు అనుమానపడి పసుపు చుక్క పెడుతుంది. ఆ కిటుకు చెప్పింది పక్క ఊళ్లు చూసే రూత్. "మనవి ముల్లు తిరిగే మిషన్లు, సరి అంకెలే చూపిస్తయి. సరి అంకెలే వెయ్యి, గని సున్నా మీద ఆగకు" అని నవ్వుతూ చెప్పింది. పేరు పచ్చబడింది. లింగవ్వకు మాత్రలు ఆగలేదు కదా అనుకుంది కృపాజ్యోతి. ఆ సంతోషం అబద్ధం కాదు.

నాలుగు రోజులకు లింగవ్వ భిక్నూర్ నుంచి వచ్చింది. తీసుకుపోయిన మాత్రలు పది రోజులకే అయిపోయాయి. పురుడు హడావుడిలో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వచ్చిన మర్నాడు తల పగిలిపోతోందంటే దేవన్న ఆమెను బస్సెక్కించి ఎల్లారెడ్డి క్లినిక్‌కు తీసుకుపోయాడు. కృపాజ్యోతి ఆ రోజు ఇంకో ఊళ్లో ఉంది.

క్లినిక్‌లో ఒక నిబంధన ఉండేది. వారం లోపల కొలిచిన బీపీ రికార్డులో ఉంటే మళ్లీ కొలవనక్కర్లేదు. సమయం కలిసొస్తుందని పెట్టారు. కౌంటర్లో కార్డు చూపించగానే చీటీ వచ్చింది: 128/82, అయిదు రోజుల కిందటిది. డాక్టర్ కలీమ్ ముందు ఆ పూట డెబ్బై మంది ఉన్నారు. తెరమీద లింగవ్వ గీత ఏడు నెలలుగా పచ్చగా సాగుతోంది.

"ఎండల తిరిగినవా అవ్వా?" అని అడిగాడు.

"ఎండల్నే గద సార్ బతుకు," అంది లింగవ్వ.

అదే ఆమె నోటి నుంచి స్పష్టంగా వచ్చిన చివరి మాటల్లో ఒకటి. తలనొప్పికి మాత్రలు రాసిచ్చాడు. తెల్లవారి పొయ్యి కాడ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. కామారెడ్డి తీసుకుపోయేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి వంకర పోయింది. అక్కడ కొలిస్తే 210/120.

మూడో రోజు కృపాజ్యోతి బత్తాయిలు పట్టుకుని ఆ ఆస్పత్రికి వెళ్లింది. వరండాలో దేవన్న చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

"ముందురోజే చూయించినం నర్సమ్మా. సార్ కంప్యూటర్ల చూసిండు, బీపీ మంచిగనే ఉన్నదన్నడు. మంచిగున్న మనిషికి గిట్లెట్లయితది?"

ఆమెకు ఆ అంకెలు కళ్లముందు కదిలాయి. బత్తాయిల సంచి ఆయన చేతికిచ్చి, లోపలికి కూడా పోకుండా మెట్లు దిగింది. బస్టాండు దాకా నడిచి, అక్కడ బెంచీ మీద కూర్చుని కలీమ్‌కు ఫోన్ చేసింది.

"సార్, లింగవ్వ బీపీ నేను కొలవలే. ఆమె ఊర్ల లేకుండె. రాసిన."



"నేను కూడా కొలవలే కదా," అన్నాడు కలీమ్. "బీపీ మిషన్ నా టేబుల్ మీదనే ఉండె. చెయ్యి చాపితే అందేది."

"ఇప్పుడేం చేద్దాం సార్?"

"నాకేం తెలుసమ్మా," అని పెట్టేశాడు.

రికార్డులో ఆ ఒక్క అంకెనైనా చెరిపేయమని ఆమె బాలకృష్ణను అడిగింది. నెల మూసేశాక ఎవరూ చెరపలేరన్నాడు. "అయినా గిప్పుడు గదంతా ఎందుకు తవ్వుతవ్ కృపా? కావాలని చేసినవా? వచ్చే వారం కామారెడ్డిల పెద్ద మీటింగున్నది. ఎక్స్‌పర్టులు వస్తున్నరు. ఉత్తమ కార్యకర్తవు నువ్వే. మంచి చీర కట్టుకొని రా."

మీటింగు కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. బ్యానర్ మీద "డిజిటల్ ఆరోగ్యం: నిపుణుల మాట" అని ఉంది. నలుగురు నిపుణులు. మొదట మాట్లాడిన ఆవిడ, చదువురాని రోగి ప్రతి డాక్టరుకూ తన కథ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదని, ఏ ఊరికి పోయినా రికార్డే ఆమె తరఫున మాట్లాడుతుందని చెప్పింది. రెండో ఆయన, ఆ రికార్డు ఆస్పత్రిది కాదు, రోగిది, ఆమె ఒప్పుకోకుండా ఎవరూ చూడకూడదన్నాడు. మూడో ఆయన పాత కాగితాలు ఎట్లా చెదలు పట్టిపోయేవో బొమ్మలు వేసి చూపించాడు. కృపాజ్యోతి ముందు వరసలో కూర్చుని ఒక్కో మాటా శ్రద్ధగా వింది. ఎక్కడైనా తప్పు దొరికితే కోపం తెచ్చుకోవచ్చని చూసింది. ఒక్కటీ దొరకలేదు. అన్నీ న్యాయమైన మాటలే.

నాలుగో ఆయన డాక్టర్ దేవరాజ్. రికార్డులను చదివి జబ్బుల లెక్క తేల్చడంలో పేరున్న మనిషి. తెరమీద ఒక గీత చూపించాడు. రెండేళ్లలో బీపీ అదుపులో ఉన్నవాళ్లు యాభై నాలుగు శాతం నుంచి తొంభై ఒకటికి పెరిగారు. "ఈ గీత నేను గీసింది కాదు. ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్లు ఎండలో తిరిగి గీశారు," అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే ఆర్ద్రత ఉంది.

తర్వాత కృపాజ్యోతిని స్టేజీ మీదికి పిలిచారు. రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు.

"సార్, నాకు మాట్లాడుడు రాదు. ఉన్నది చెప్త," అంది. "ఆ గీతల నేను కొలవనియి ఉన్నయి. లింగవ్వ అని ఒకామె. ఊర్ల లేని మనిషికి మంచిగున్నదని రాసిన. అది చూసి డాక్టర్ సార్ నమ్మిండు. ఇప్పుడామెకు కాలు లేదు, చెయ్యి లేదు, మాట లేదు."

ఆమెకు కప్పాల్సిన శాలువా అప్పటికే బాలకృష్ణ చేతుల్లో విప్పి ఉంది. ఏం చేయాలో తోచక అతను దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

దేవరాజ్ మెల్లగా అడిగాడు. "అట్లాంటివి ఎన్నమ్మా?"

"ఆ నెల లింగవ్వతోని కలిపి పదకొండు సార్."

ఆయన హాలు వైపు తిరిగాడు. "ఇంకెవరైనా ఉన్నారా? ఎవర్నీ ఏమీ అనరు. ఆ మాట నాది. తెలుసుకోవాలని అడుగుతున్నాను."

ముప్పై తొమ్మిది మంది కార్యకర్తలు కూర్చుని ఉన్నారు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. కృపాజ్యోతి రూత్ కోసం వెతికింది. నాలుగో వరసలో రూత్ తల వంచుకుని కొంగు అంచును గోటితో సరిచేసుకుంటోంది. ట్యాబులో "ఊర్ల లేదు" అని నొక్కే చోటే లేదని, వారం నిబంధన తీసేయాలని చెప్పాలనుకుంది. అసలు చెప్పవలసింది అదే. కానీ అప్పటికే మైకు దేవరాజ్ చేతిలోకి పోయింది.

"చాలా ధైర్యం కావాలి ఇట్లా చెప్పడానికి," అన్నాడాయన. "సిస్టమ్ బాగానే ఉంది. కొలిచే దగ్గర మనిషి బలహీనత ఉంది. దానికి పరిష్కారం కష్టం కాదు. కొలిచే ముందు రోగి ముఖం ఫోటో తీయాలి, పాత ఫోటోతో సరిపోలితేనే ట్యాబ్ తెరుచుకోవాలి. ఇక ఊళ్లో లేని మనిషిని ఎవరూ కొలవలేరు."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో బాలకృష్ణకు ఊపిరి వచ్చింది. శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పేశాడు.

తిరుగు బస్సులో ఆమె శాలువాను మడిచి బ్యాగు అడుగున పెట్టింది. అంతమందిలో చెప్పింది, చెప్పవలసిన ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఎల్లారెడ్డిలో బస్సు మారి, తన ఇంటికి పోకుండా నేరుగా దేవన్న ఇంటికి పోయింది. లింగవ్వను అంతకు రెండు రోజుల ముందే ఆస్పత్రి నుంచి తెచ్చారు. నులకమంచం మీద గోడకు దిండు వేసి కూర్చోబెట్టారు. దేవన్న ఆమెకు జావ తాగిస్తున్నాడు. మింగినంత మింగుతోంది, మిగిలింది కుడివైపు నుంచి కారిపోతోంది.

కృపాజ్యోతి నిలబడే చెప్పింది. ఏ రోజు రాసిందో, ఎక్కడ నిలబడి రాసిందో, ఎందుకు రాసిందో. దేవన్న గ్లాసు కింద పెట్టలేదు. అంతా అయ్యాక గుడ్డతో భార్య మూతి తుడిచాడు.

"పదకొండేండ్ల సంది వస్తున్నవ్," అన్నాడు. "నువ్వు రాసినవంటే కొలిచినట్టే అనుకున్నం."

"తప్పయింది బాపూ."

"తప్పని నువ్వంటే నీకు బరువు దిగుతదేమో. ఆ బరువు ఎత్తుకొని నేనెక్కడ పెట్టుకోవాలె?"

మంచం మీద లింగవ్వ ఏదో అంది. మాట కాదు, గొంతులో చప్పుడు. ఏమందో దేవన్నకూ అర్థం కాలేదు. ఆమె రెండుసార్లు ప్రయత్నించి, మానేసి, ముఖం పక్కకు తిప్పుకుంది.

పది రోజులకు ట్రస్టు నుంచి కాగితం వచ్చింది. సమాచార నాణ్యత దృష్ట్యా కృపాజ్యోతి సేవలు ఇకపై అవసరం లేదని రాసి ఉంది. ఎవర్నీ ఏమీ అనరన్న మాట దేవరాజ్‌ది, ట్రస్టుది కాదు. ఆమె నాలుగు ఊళ్లను నజ్మా అనే కొత్త అమ్మాయికి అప్పగించారు. రూత్ ఒకరోజు ఎల్లారెడ్డి మార్కెట్లో ఎదురుపడింది, కూరగాయల బండి అవతలి నుంచి చుట్టు తిరిగి పోయింది. రెండు నెలల తర్వాత ట్రస్టు నివేదిక వచ్చింది. కలీమ్ ఆమెను పిలిచి తన ఫోన్లో చూపించాడు. నమ్మదగని నాలుగు ఊళ్లను లెక్కలోంచి తీసేశారు. తీసేశాక శాతం తొంభై ఒకటి నుంచి తొంభై ఒకటిన్నరకు పెరిగింది.

"అంటే మిగిలినోళ్లందరూ నిజమే రాసిండ్రా సార్?" అని అడిగింది.

కలీమ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వారం నిబంధన తీసేయమని మూడుసార్లు రాశానని, జవాబు రాలేదని, తాను మాత్రం ఇప్పుడు ప్రతి మనిషికీ కొలుస్తున్నానని, దాంతో పూటకు నలభై మందినే చూస్తున్నాడంటూ తనకు మెమో ఇచ్చారని చెప్పాడు.

తర్వాతి నెల ఒక పొద్దున దేవన్న కృపాజ్యోతి ఇంటి ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా దానికి మాత్రలు ఆగినయ్," అన్నాడు. "ఆ కొత్త పిల్ల మూడుసార్లు వచ్చింది. ఫోటో కొడుతది, ట్యాబ్ తెరుసుకోదు. పాత ఫోటోల మూతి సక్కగుండె గద. ఇప్పుడున్న మొకం ఆమెది కాదంటదట ఆ మిషన్."

కృపాజ్యోతి గడప మీదే ఆగిపోయింది.

"నువ్వు మీటింగుల చెప్పినందుకే గీ ఫోటో పెట్టిండ్రని ఆ పిల్ల చెప్పింది. నిజమేనా?"

"నిజమే బాపూ."

దేవన్న తల ఊపాడు. కోపం కూడా చూపించలేదు. కోపం చూపిస్తే ఆమెకు కొంత బాగుండేది.

ఆ రోజే ఆటో మాట్లాడి లింగవ్వను ఎల్లారెడ్డి తీసుకుపోయారు. కౌంటర్లో కూడా ఫోటో సరిపోక పేరు తెరుచుకోలేదు. కృపాజ్యోతి లోపలికి పోయి కలీమ్‌ను బయటికే పిలుచుకొచ్చింది. అతను ఆటో పక్కన మోకాళ్ల మీద కూర్చుని, లింగవ్వ ఎడమ చేతికి పట్టీ చుట్టి కొలిచాడు. 176/104. జేబులోంచి తెల్లకాగితం తీసి మందుల పేర్లు రాసి, బయట షాపులో తీసుకోమన్నాడు.

"గీ కాగితం కంప్యూటర్ల ఎక్కుతదా సార్?" అని అడిగాడు దేవన్న.

"ఎక్కదు."

"మరి వచ్చే నెల?"

కలీమ్ మోకాళ్ల దుమ్ము దులుపుకుని లేచాడు. లోపల డెబ్బై మంది కాచుకుని ఉన్నారు.

"నేనొస్త బాపూ," అంది కృపాజ్యోతి. "మిషన్ నా సొంతానిది ఉన్నది. నెల నెలా వచ్చి కొలుస్త. సార్‌తోని కాగితం రాయించుకొస్త."

దేవన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వద్దనలేదు, రమ్మనీ అనలేదు. భార్య తలను తన భుజానికి ఆనించుకుని ఆటోవాణ్ని పొమ్మన్నాడు. ఆటోలో ఇంకొకరికి చోటుంది. కృపాజ్యోతి ఎక్కుతుందేమోనని డ్రైవరు వెనక్కి చూశాడు. దేవన్న రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. డ్రైవరు బండి కదిలించాడు.