ఎడమకాలి చెప్పు

గేరు లేదు, క్లచ్చు లేదు, ఎడమకాలికి అసలు పనే లేదు, ఇక ఎవరేమంటారో చూద్దాం అనుకుంటూ పిడి తిప్పాను, బండి చప్పుడు లేకుండా షోరూం ముందు నుంచి ఎమ్మిగనూరు రోడ్డెక్కింది, అద్దంలో ప్రేమ్ కుమార్ ఇంకా నిలబడే కనిపిస్తున్నాడు, షోరూంలో బండ్లు చూపించే మనిషి, యూనుస్ అన్నా, బస్సులు తోలినోనివి, నీకిదొక లెక్కనా, ఆరేకల్ దాకా పోయి తిరుక్కోని రాపో అన్నాడు, నేను ఎక్కేదాకా హ్యాండిల్ తనే పట్టుకున్నాడు, మా ఆమె జమ్రుద్‌బీ ఎక్కేదాకా కూడా పట్టుకున్నాడు, సీటు కింద రెండు హెల్మెట్లు పడతాయనీ, ఫోనుకు కలుపుకోవచ్చనీ, తడి రోడ్డు మీద చక్రం జారకుండా బండే చూసుకుంటుందనీ ఏమేమో చెప్పాడు, అన్నింటికీ తలూపాను, నాకు కావలసింది గేరు లేకపోవడం ఒక్కటే, గేరు చిన్న స్కూటర్లకూ లేదు, మా వీధి ఆడపిల్లలు కాలేజీకి తోలుకుపోయే వాటికీ లేదు, కానీ హెవీ లైసెన్సు ఉన్నవాడు వాటి మీద కూర్చుంటే డిపోలో ముఖం ఎక్కడ పెట్టుకోవాలి, అందుకే ఈ పెద్దది, వెడల్పాటి సీటు, మధ్యలో దిమ్మె, దానికి అటూ ఇటూ కాళ్లు చాపుకోవడానికి చోటు, గాలి తగలకుండా ముందు ఇంత అద్దం, నిజం చెప్పాలంటే బస్సులో నా సీటులో కూర్చున్నట్టే ఉంది, చాలా రోజుల తర్వాత.

అరవైలో పోతోంది, పిడిని ఇంకొంచెం తిప్పితే డెబ్బై కూడా దాటుతుంది, నాకు తొందర లేదు, రెండు పక్కలా నల్లరేగడి చేలు, ఎదురుగా ఆదోని యార్డుకు పోయే ఆటోల మీద పత్తి మూటలు, ఈ రోడ్డు గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు, ఏ మలుపులో గుంత, ఏ ఊరి ముందు స్పీడు బ్రేకరు, ఏ స్టాపులో ఏ ముసలమ్మ బస్సు కనపడకముందే చెయ్యెత్తి నిలబడుతుందో అన్నీ తెలుసు, వెనక నుంచి కండక్టర్ లక్ష్మీనారాయణ హోల్డాన్ అనేవాడు, ఆపేవాడిని, రైట్ రైట్ అనేవాడు, కదిలించేవాడిని, అదంతా ఆ పొద్దు దాకా, ఆ పొద్దు అంటే మా ఇంట్లో అందరికీ తెలుసు, పక్షవాతం అనే మాట ఎవరమూ అనం, చేతిలోంచి టీ గ్లాసు జారిపోయిన పొద్దు, తర్వాత చెయ్యి వచ్చింది, మాట వచ్చింది, కాలు కూడా వచ్చినట్టే, నడుస్తున్నాను కదా, డాక్టరు మాత్రం బస్సు వద్దన్నాడు, డిపోలో కుర్చీ ఇచ్చారు, ఆసుపత్రి వరండాలో నలుగురు డ్రైవర్లు చూస్తుండగా జమ్రుద్ నా చెయ్యి పట్టుకుంటే వదులే, నేనేమన్నా సంటిపిల్లోణ్ణా అని కసిరాను, అంతే, ఆ తర్వాత ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, నడుము నొప్పి అని చెప్పి పాత బైకు మీద పట్ట కప్పేశాను, నొప్పి నడుములో లేదు, ఎక్కడా లేదు, అదే బాధ, ఎడమకాలు కింద పెడితే నేల తగిలిందో లేదో తెలియదు, కళ్లతో చూసుకుంటేనే తెలుస్తుంది, ఉన్నట్టుండి బరువు పడితే మడతపడిపోతుంది, ఆ సంగతి జమ్రుద్‌కు చెప్పలేదు, చెప్పను కూడా, మొగుడు మళ్లీ బండెక్కాడని చూస్తే చాలు.

ఆరేకల్ వచ్చింది, ఇక్కడే తిప్పుకోవాలి, నిదానించాను, రోడ్డుకు అడ్డంగా ఒక ఆటో మూటలు దింపుతోంది, అది జరిగేదాకా ఆగాలి, ఆగాలంటే కాలు కింద పెట్టాలి, ఏ కాలు, అప్పుడు తట్టింది నాకు, కుడికాలు ఆనిస్తే సరిపోదా అంటే సరిపోదు, జమ్రుద్ ఒకవైపు కూర్చుంది, రెండు కాళ్లూ ఎడమకు వేసి, పెళ్లైన కాడి నుంచీ అలాగే, ఆమె బరువంతా ఎడమకే లాగుతుంది, ఇంత పెద్ద బండి బరువు దానికి తోడు, పైగా మన ఆడవాళ్లు బండి పూర్తిగా ఆగకముందే ఎడమ పక్కకు దూకి దిగుతారు, ఆ ఊపుకు నిలబెట్టవలసింది నా ఎడమకాలు, ఎడమకాలు, గేరు లేదని సంబరపడ్డాను గానీ బండి ఆగినప్పుడు దాన్ని మోసేది కాలే కదా, ముప్పై ఏళ్లు తోలిన మనిషికి ఇంత చిన్న సంగతి తోచలేదు, బస్సుకు ఆరు చక్రాలు, ఆపితే దాని మానాన అది నిలబడుతుంది, ఆటో పక్క సందులోంచి బండిని దూర్చి ముందుకే పోనిచ్చాను, ఆరేకల్ అయిపాయ గదా అంది వెనక నుంచి, బండి బాగ పోతాండాది, ఇంకొంచెం సూద్దాం అన్నాను, ఊఁ అంది, ఆ ఊఁలో ఏముందో అద్దంలో వెతికాను, అద్దంలో ఆమె కొంగు, సగం చెంప, అంతకంటే కనపడలేదు.

ఇప్పుడేం చెయ్యాలి, పోతూ ఉన్నంతసేపూ ఏమీ కాదు, పోతూ ఉంటే నేను మునుపటి యూనుస్‌నే, ఆపితేనే కదా చిక్కు, ఎమ్మిగనూరులో ఖాళీ మైదానం ఏదైనా ఉంటే గుండ్రంగా తిరిగి ఆగకుండా ఆదోనికే వచ్చేయొచ్చు, వచ్చాక షోరూం ముందు ప్రేమ్ కుమార్ పరిగెత్తుకొచ్చి పట్టుకుంటాడు, పట్టుకోకపోతే, ఫోను చేసి పట్టుకో అని చెప్పాలా, చెప్పడానికి ఫోను తీయాలి, తీయాలంటే ఆపాలి, నాకే నవ్వొచ్చింది, సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది, అతనే అయ్యుంటాడు, మోగి మోగి ఆగింది, వెనక జమ్రుద్ ఫోను మోగింది, వస్తాండాం నాయనా, బండి బాగుండాది, మీ అన్న ఇడిసిపెట్టనంటాండాడు, ఎమ్మిగనూరు దాకా పోయి వస్తాం, ఏమీ అనుకోవద్దు అంది, ఎమ్మిగనూరు దాకా అని నేను అననే లేదు.

కోటేకల్ దాటాక గొర్రెలు, రోడ్డు నిండా గొర్రెలు, కాపరి అవతల అంచున కర్ర భుజాన వేసుకుని తీరిగ్గా నడుస్తున్నాడు, హారన్ కొట్టాను, దీని హారన్ బస్సు హారనా, ఒక్క గొర్రె తలెత్తలేదు, బ్రేకు నొక్కాను, వేగం నడక కంటే తగ్గిపోయింది, హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది, అయిపోయింది, ఇద్దరమూ పడతాం, ఆమె తల రోడ్డుకు తగులుతుంది, కొడుకు సల్మాన్‌కు ఏమని చెప్పాలి, మీ అమ్మను నేనే పడేశాను అని చెప్పాలా, యా అల్లా, పాత అలవాటు కొద్దీ ఎడమకాలు తనంతట తనే కిందికి పోయింది, ఈడ్చుకుంటూ కొంత దూరం వచ్చింది, గొర్రెలు చీలాయి, సందు దొరికింది, పిడి తిప్పాను, బండి నిలదొక్కుకుంది, కాలు పైకి లాక్కున్నాను, పడలేదు, చూశావా, పడలేదు, యూనుస్ అంటే ఏమనుకున్నారు అని లోపల ఛాతీ పొంగింది.

సెప్పు పాయ, అంది జమ్రుద్, యా సెప్పు అన్నాను, నీదే, ఎడమకాలిది, గొర్రెల్లో పడిపాయ, నీకు తెలీల్యా అంది, కిందికి చూశాను, బండి మీద నా ఎడమకాలు వట్టి పాదంగా ఉంది, వేళ్లకు దుమ్ము, బొటనవేలి దగ్గర గీసుకుని నెత్తురు, అది నా కాలే, నాకు తెలియలేదు, ఏమీ తెలియలేదు, ఎండలో తోలుతున్నా సిగ్గుతో చెవులు మాత్రం వేరుగా కాలాయి, పట్టీ కుట్టిన జత ఇంట్లో పెట్టి ఈ జత యాల ఏసుకుంటివి అంది, అవును, వెనక పట్టీ ఉన్న జత ఒకటి ఉంది, మడమ దగ్గర ఎలాస్టిక్ తనే కుట్టింది, ఎందుకు కుట్టావని నేను అడగలేదు, ఎందుకు కుట్టానని ఆమె చెప్పలేదు, షోరూంకు పోతూ చిన్నపిల్లల చెప్పుల్లా ఉన్నాయని వదిలేశాను, ఇప్పుడు ఒకదాని వెంట ఒకటి గుర్తుకొస్తున్నాయి, మంచం గోడ వైపు జరిపింది, దిగితే కుడికాలే ముందు కిందికొచ్చేలా, బాత్రూం ముందు గోనెపట్ట తీసేసింది, వాకిట్లో నేను వట్టి కాలితో తిరుగుతుంటే ఏమీ అనకుండా చెప్పు తెచ్చి నా ముందు పెట్టేది, నేను దాచుకున్నాననుకున్నదంతా ఆమె రోజూ సర్దుతూనే ఉంది.

నీకు తెలుసా అన్నాను, తెలుసు అంది, మరి సెప్పకపోతివే, నువ్వు సెప్తావని సూస్తాంటి అంది, తెలిసీ యాల ఎక్కితివే ఈ బండి అన్నాను, ఒక్కనివి పోతే యాడ పడేదీ నాకు తెలీదు గదప్పా, పడితే ఇద్దరం పడదామని ఎక్కితి అంది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది, నాకు కళ్లు మసకబారాయి, గాలికి అని చెప్పడానికి కూడా లేదు, ముందు అంత పెద్ద అద్దం ఉంది, ఎదురుగా ఎమ్మిగనూరు మొదలవుతోంది, ఇళ్లు, సిమెంటు కొట్టు, ముందు ఒక బస్సు ఆగి ఉంది, దాని వెనక ఆటోలు, సందు లేదు, ఆపక తప్పదు, చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, నాలుక ఆ పొద్దు తిరగనట్టే తిరగలేదు, తర్వాత తిరిగింది, జమ్రూ, ఆపితే నా ఎడమకాలు నిలబడదు, నువ్వు దూకొద్దు, నేను నిదానం సేస్తా, మెల్లగ దిగి ఎడమ పక్క పట్టుకో, పట్టుకో అనే మాట నా నోట్లోంచి వచ్చింది, వచ్చాక చూస్తే అది అంత పెద్ద మాట కాదు.

పట్టుకుంటాలే, నిదానం సెయ్యి అంది, బండి నడక వేగానికి వచ్చింది, వెనక బరువు తేలికైంది, చూస్తే ఆమె పక్కన నడుస్తోంది, ఒక చేత్తో వెనక కడ్డీ, ఒక చెయ్యి నా ఎడమ మోచేతి కింద, కుడికాలు నేలకు ఆనించాను, ఆగింది, స్టాండు ఎడమ పక్కనే ఉంది, నేను కాలు చాపేలోపే ఆమె తన కాలితో దాన్ని తన్ని కిందికి దించింది, ముందున్న బస్సులో కండక్టరు రైట్ రైట్ అన్నాడు, బస్సు కదిలింది, మా వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, కొట్టనీ, జమ్రుద్ కొంగుతో నా బొటనవేలి నెత్తురు తుడుస్తోంది, నలుగురూ చూస్తున్నారు, చూడనీ, అన్నేళ్లలో ఒక్క స్టాపులో కూడా బస్సును నేనొక్కడినే ఆపలేదు, వెనక నుంచి ఎవరో ఒకరు చెబితేనే ఆపాను, అప్పుడు సిగ్గనిపించలేదు, ప్రేమ్ కుమార్‌కు ఈ బండి వద్దని చెప్పాలి, ఆడపిల్లలు తోలే చిన్నది చూపించమనాలి, అంతకంటే ముందు గొర్రెలు దాటిన చోట చెప్పు ఏరుకోవాలి, అక్కడ మళ్లీ ఆపాలి, మళ్లీ పట్టుకోమని అడగాలి, అడుగుతాను.