రస్సెల్ ఎడమ చెయ్యి

మా తమ్ముడు రస్సెల్‌ని పాతిపెట్టిన రోజు కొత్త బట్టలు కొనాల్సిన అవసరం లేనిది మా ఇంట్లో నాకొక్కదానికే. అప్పటికి రెండేళ్ళుగా నా పెట్టెలో నలుపు తప్ప వేరే రంగు లేదు. ముసలమ్మలు పోయాక వాళ్ళ గౌన్లు, లేసు గ్లవ్స్, ముసుగు టోపీలు చర్చి హాల్లో పాతబట్టల అమ్మకానికి వచ్చేవి. శనివారం పొద్దున్నే వెళ్ళి, జనాన్ని తోసుకుని మరీ ఏరుకొచ్చేదాన్ని. కిటికీ తెరల్ని అమ్మ బట్టలుడికించే గిన్నెలో నల్లరంగేసి ఉడికించి పావడాలు కుట్టుకున్నాను. జుట్టుకి పంచదార నీళ్ళు పట్టించి నిక్కబొడిచేలా దువ్వి, మొహానికి తెల్లగా పౌడరు కొట్టి, కళ్ళ చుట్టూ కాటుక పులుముకుని మా ఊరు హాలిఫాక్స్ బజార్లో నడిచేదాన్ని. ఎవరు పోయారమ్మా అని బస్సు కండక్టర్లు వెక్కిరించేవాళ్ళు. ఎవరో ఒకరు పోతూనే ఉంటారుగా అనేదాన్ని. ఆ పొగరు జనవరిలో అణిగింది.

అంత్యక్రియల్లో మా పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, కనీసం ఇవాళైనా మామూలు బట్టలు వేసుకోవచ్చు కదా అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ అందరూ నల్లబట్టల్లోనే ఉన్నారు, నాదొక్కటే వేషమట. కానీ ఆమె అన్న మాట చాలాకాలం లోపల గుచ్చుతూనే ఉంది.

మా బ్యాండులో ముగ్గురం. పాడేది నేను, గేనర్‌ని. గిటారు క్లైవ్‌ది, పగలు వాడు టీవీలు బాగుచేసే కొట్లో పనిచేసేవాడు. డ్రమ్స్ రస్సెల్‌వి. కార్పెట్ల మిల్లులో ఎడమ మణికట్టు నలిగాక వాడిక కర్రలు పట్టుకోలేకపోయాడు. మా వైపు బ్యాండ్లలో సగానికి అప్పటికే డ్రమ్మర్ లేడు, కరెంటుతో తనే దరువు వేసే, రొట్టెల డబ్బా అంత డ్రమ్ మెషీన్ ఉండేది. దానికో పేరు పెట్టి, స్టేజి మీద మనిషిని పరిచయం చేసినట్టు చెయ్యడం ఆనవాయితీ. కొందరు దాని ముందు బీరు గ్లాసు కూడా పెట్టేవాళ్ళు. రస్సెల్ కూడా ఒకటి కొన్నాడు. మీటల మీద వేళ్ళతో కొట్టి తన దరువు తనే అందులోకి ఎక్కించాడు. ఎడమ చెయ్యి రవ్వంత వెనకబడేది, ఆ వెనకబాటు కూడా దరువుతో పాటే ఎక్కింది. ఒక కాలు నొప్పిగా ఉన్నవాడు మెట్లు దిగుతున్నట్టు ఉండేది. నేను దాన్ని పట్టుకునే పాడేదాన్ని.

రేడియోలో మా పాట ఎప్పుడూ రాలేదు. పత్రికలకి లండన్ బ్యాండ్ల కుర్రాళ్ళ జుట్టు రిబ్బన్లు వర్ణించడానికే చోటు చాలేది కాదు. ఒకసారి మా గురించి మూడు లైన్లు వేసి, అందులో ఊరి పేరు తప్పు రాశారు. మాకున్నదల్లా నాలాగే నల్లబట్టలేసుకుని తిరిగే ఓ ముప్ఫై నలభై మంది పిల్లలే. వర్షంలో పౌడరు కారిపోతున్నా బస్సులెక్కి వచ్చేవాళ్ళు.

జనవరిలో ఒక ఊళ్ళో పాడి కొండ మీది దారిలో తిరిగొస్తుంటే మంచుకి వ్యాను జారి బోల్తా పడింది. వెనకాల స్పీకర్ల మధ్య, చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని నిద్రపోతున్న రస్సెల్ ఆ నిద్రలోనే పోయాడు. నాకూ క్లైవ్‌కీ చిన్న దెబ్బలు. మెషీన్‌కి గీత కూడా పడలేదు.

ఫిబ్రవరిలో మళ్ళీ స్టేజి ఎక్కినప్పుడు మెషీన్‌ని చూపించి, "డ్రమ్స్ మీద, రస్సెల్" అన్నాను. అంతకుముందు దాని పేరు ఎడ్నా అత్త. ఆ పేరు చెబితే అందరూ నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అలా పిలవకుండా ఉండాల్సిందని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది, కానీ అప్పుడు నాకు వేరే పేరు నోటికి రాలేదు.

మార్చిలో క్లైవ్ నన్ను కసిరాడు, పాటని సాగదీస్తున్నావని. నేను కాదు, నువ్వేనని నేను తగులుకున్నాను. వారం తర్వాత ఇద్దరికీ అర్థమైంది. మెషీనే నెమ్మదిస్తోంది. వేగం మీట ఎక్కడుండాలో అక్కడే ఉంది. దరువు మాత్రం ప్రతి ప్రదర్శనకీ ఇంకొంచెం మందగిస్తోంది. ఎడమ చెయ్యి ఇంకా ఆలస్యంగా పడుతోంది. క్లైవ్ దాని పైమూత విప్పి, లోపల చూసి, మళ్ళీ బిగించాడు.

"ఇది నడిస్తే సరిగ్గా నడవాలి, లేకపోతే ఆగిపోవాలి. నీరసపడటం దీనికి రాదు గేనర్," అన్నాడు.

పోతేపోయింది, కొత్త దరువు తను ఎక్కిస్తానన్నాడు. నేను వాడి మీద కప్పు విసిరాను. ఆ దరువు పోతే ఈ భూమ్మీద రస్సెల్ చేతిది ఇంకేమీ మిగలదు. అది నిలుపుకోవడం తప్ప ఆ రోజుల్లో నాకింకేదీ పట్టలేదు. సరే, టేపు మీదికైనా ఎక్కిద్దామని క్లైవ్ కాసెట్ పెట్టాడు. విని చూస్తే దరువు ఉంది. గడియారంలా సమంగా ఉంది. ఎడమ చెయ్యి వెనకబడటం లేదు. గదిలో మెషీన్ నుంచి వినిపిస్తున్నది ఒకటి, టేపు మీద పడింది ఇంకొకటి. క్లైవ్ కాసెట్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు వాడికొక ఆలోచన వచ్చింది. ప్లగ్గు తీసినా దరువు చెరిగిపోకుండా కాపాడేందుకు మెషీన్ అడుగున మూడు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. అవి అయిపోతున్నాయేమో, కొత్తవి వేద్దాం, వేసేటప్పుడు మాత్రం ప్లగ్గు గోడకి ఉండాలి, లేకపోతే అంతా చెరిగిపోతుంది అన్నాడు. రస్సెల్ కూడా అలాగే మార్చేవాడు, పసిపిల్లకి లంగోటీ మార్చినంత జాగ్రత్తగా. నేను సెల్స్ కొని తెచ్చాను. ఆదివారం మా ఇంట్లో, బల్ల మీద మెషీన్‌ని తిరగేసి మూత తీశాను.

లోపల సెల్స్ లేవు. మూడు గళ్ళూ ఖాళీ.

క్లైవ్ ఒక్కో గడిలో వేలు పెట్టి చూశాడు. ఇన్ని వారాలుగా ప్రతిసారీ ప్లగ్గు పీకి, సంచిలో వేసుకుని, బస్సుల్లో తిప్పాం. మొదటిసారి పీకినప్పుడే అంతా పోయి ఉండాలి అన్నాడు. మరి మనం దేనితో వాయిస్తున్నాం అని అడిగాడు. వంటింట్లో అమ్మ గ్రేవీ కలుపుతోంది. సెల్స్ ఏమయ్యాయో తెలుసా అని అడిగాను, ఆశతో కాదు, ఊరికే.

"రేడియోలో వేశాను," అంది అమ్మ, గరిటె ఆపకుండా.

"ఏ రేడియోలో?"

"వాడి రేడియోలోనే. పెట్టెలో వాడి పక్కన పెట్టి పంపలేదూ? అందులోవి అయిపోయాయి, ఆ రోజు కొట్లన్నీ మూసున్నాయి. రేడియో లేందే వాడికి నిద్రపట్టదని నీకు తెలీదా ఏమే? చిన్నగానే పెట్టాలే, పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా."

ఆ సెల్స్ రేడియోలో రెండ్రోజులు కూడా రావని క్లైవ్ గొణిగాడు. రస్సెల్ ఎప్పుడూ పొదుపుగానే వాడేవాడని అమ్మ అంది.

మట్టి కింద ఆ సెల్స్ అయిపోతున్నాయి. బల్ల మీద దరువు మందగిస్తోంది. నాకు భయం వెయ్యాల్సింది, కానీ ముందు ఆశ పుట్టింది. కొత్త సెల్స్ కోటు జేబులో వేసుకుని, పెరట్లోని చిన్న తవ్వుగోల తీసుకుని శ్మశానానికి బయల్దేరాను. పెట్టె దాకా తవ్వాలని కాదు. ఆ మట్టిలో, ఎంత లోతు వీలైతే అంత లోతున గుచ్చితే చాలనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే పిచ్చిగా ఉంది. అప్పుడు మాత్రం చలివేసేవాడికి దుప్పటి పట్టుకెళ్ళినంత మామూలుగా అనిపించింది.

గుమ్మం దగ్గర అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. చేతిలో తవ్వుగోల చూసింది, జేబు తడిమి చూసింది. అంతా అర్థమైనట్టుంది.

"నెమ్మదిస్తోందన్నావుగా?"

"అవును. ఆగిపోతుందేమోనమ్మా."

"చిన్నప్పుడు మంచం చెక్క మీద వేళ్ళతో కొట్టుకుంటూ పడుకునేవాడు. నిద్ర ముంచుకొస్తుంటే చెయ్యి అలాగే నెమ్మదించేది. ఎడమది ముందు ఆగేది." అమ్మ తవ్వుగోల నా చేతిలోంచి తీసుకుంది. "ఇప్పుడిప్పుడే కునుకు పడుతున్న పిల్లాణ్ణి లేపుతావుటే?"

నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. పెట్టె దింపినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ శనివారం లీడ్స్‌లో ఒక పబ్ పైగదిలో మాదే మొదటి పాట. బయట ఇంకా వెలుతురుంది. అమ్మ కూడా వచ్చింది, మా పాట వినడానికి అదే మొదటిసారి. జనవరిలో కొన్న నల్లకోటు, నల్లటోపీ వేసుకుంది. తలుపు దగ్గర ముసుగేసుకున్న పిల్ల ఒకతి ఆ కోటు పట్టి చూసి, చాలా బాగుంది, ఎక్కడ దొరికింది మీకు అని మురిపెంగా అడిగింది. మా అబ్బాయిని పూడ్చడానికి కొన్నానమ్మా అని అమ్మ మర్యాదగా చెప్పింది. ఆ పిల్ల ముసుగు పైకెత్తి, తన కుర్చీ అమ్మకిచ్చి వెనక్కి వెళ్ళి నిలబడింది.

డ్రమ్స్ మీద ఎవరున్నారో ఈసారి నేను చెప్పలేదు. మీట నొక్కాను. దరువు మొదలైంది, చాలా నెమ్మదిగా. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నేనొక లైను పూర్తిగా పాడేశాను. క్లైవ్ గిటారు ఆపేశాడు. ఎడమ చెయ్యి ఒకసారి పడింది, మళ్ళీ పడలేదు. కుడిచెయ్యి ఒంటరిగా కొడుతోంది. గదిలో అంతమంది ఉన్నా గ్లాసు చప్పుడు లేదు. నా పాట అయిపోయింది. నేను ఎదురుచూశాను. చివరి దెబ్బ పడింది, గోడ అవతల ఎవరో వేలితో తట్టినట్టు. ఆ తర్వాతది రాలేదు.

మెషీన్ మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. అమ్మ లేచి నెమ్మదిగా స్టేజి ఎక్కింది. జ్వరం చూసినట్టు మెషీన్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది.

"పడుకున్నాడు," అంది. "ఆ దీపం తీసెయ్ క్లైవ్."

క్లైవ్ ప్లగ్గు తీశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తిరిగొచ్చే బస్సులో అమ్మ మెషీన్‌ని ఒళ్ళో పెట్టుకుని, కోటు అంచు దాని మీద కప్పింది. కొత్త సెల్స్ ఇంకా నా జేబులోనే ఉన్నాయి. కండక్టరు వచ్చి మా నల్లబట్టలు చూసి ఎప్పటి వెక్కిరింతే మొదలుపెట్టబోయాడు. అమ్మ పెదాల మీద వేలు పెట్టి, ఒళ్ళోకి చూపించింది. వాడు గొంతు తగ్గించి టికెట్లు చింపిచ్చి ముందుకెళ్ళిపోయాడు.