గీత లోపలి సారు

పొద్దు పొడువంగనె కైలాసం సారు జంగల్ చౌకీ ముంగట నిలబడి కావలోళ్ల అంగీ జేబులు తడిమేటోడు. మాఘమాసం మొదలు వానలు పడేదాంక ఇది రోజూ ఉండే పనే. అగ్గిపెట్టె దొరికితె గుంజుకొని ఇనుప సందుగల పడేసేటోడు. బీడీలు మాత్రం వాపసు ఇచ్చేటోడు.

"అగ్గి గుంజుకున్నంక గీ బీడీలను ఏం జేసుకోవాలె సారూ, నములాల్నా?" అని హనుమండ్లు రోజూ అడిగేటోడు. అగ్గి కావలోళ్లకు పెద్ద అతను.

"నములు. పండ్లన్న గట్టివడ్తయి."

రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. నవ్వు అయినంక పనులు పంచేటోడు. ఇద్దరు మంచె ఎక్కి పొగ కోసం చూడాలె. నలుగురు ఆకు ఊడ్వాలె. మిగిలినోళ్లు టేకు మొక్కల నడుమ గడ్డి కొయ్యాలె.

లక్సెట్టిపేట దాటి లోపలికి పోతె సర్కారు జంగల్ల ఆరు వందల ఎకరాల టేకు తోట ఉండె. దాని మీద పెత్తనం కైలాసందే. హైదరాబాదు రాజ్యం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండేండ్లయింది. ఆఫీసుల కాయితాలు ఉర్దూకెల్లి ఇంగ్లీషుల పడ్డయి, బోర్డులు మారినయి. జనం నోట్ల మాత్రం అడవి శాఖ ఇంకా జంగ్లాత్ ఖాతానే. ఫాల్గుణం వస్తె అగ్గి లేచుడూ మారలే.

తోట సుట్టూత, కొంత జంగల్ను గూడ కలుపుకొని, తొమ్మిది మైళ్లు అగ్గి గీత ఉండె. గీత అంటె ఇరువై అడుగుల వెడల్పు బాట. గడ్డి కోసి, ఆకు ఊడ్చి, నేలను ఇంటి వాకిలి లెక్క నున్నగ జేస్తరు. బయట లేచిన అగ్గి అక్కడిదాంక వచ్చి, తిననీకి ఏం దొరకక సచ్చిపోవాలె. మిగిలిన జంగళ్లల్ల గాలి జోరుగ ఉంటె అగ్గి గీతను దుంకుతది. కైలాసం నడిచి గీసిన గీతను మాత్రం దుంకలే. నాలుగేండ్లల్ల ఒక్కసారి గూడ దుంకలే. ఒడ్డు దాంక ఉరికి వచ్చి, వాగు ముంగట గొడ్డు నిలబడ్డట్టు నిలబడి, అటు ఇటు తిరిగి ఎనుకకు పోయేది.

కైలాసం గూడ దాటలేకపోయేటోడు.

అది ఎట్లయిందంటె, గీత గీసిన మొదటి యేడు అతనే సున్నం కుండ పట్టుకొని ముంగట నడిచిండు. ఎనుక కూలీలు గడ్డి కోసుకుంట వచ్చిన్రు. తొమ్మిదో మైలు కాడ మొదలుపెట్టిన జాగకు వచ్చెటాళ్లకు పొద్దుగూకుతుండె. ఇంక మనిషి పట్టేంత సందు మిగిలింది. గూడెం నుంచి కూలికి వచ్చిన లస్మవ్వ కొడవలి ఆపి, "గది ఇడువు సారూ. మేం చేనుకు కంప గొట్టినా, ఊరి సుట్టూత పొలి బువ్వ జల్లినా, మనిషి పట్టేంత సందు ఇడుస్తం. మూసుడే అయితె, మూసేటోడు బయట నిలబడాలె," అన్నది.

కైలాసం మీది ఆఫీసరు, రేంజి సారు దేవదాస్ నక్షా ఇప్పి చూసిండు. "నక్షాల గీత కలిసి ఉన్నది. ఇక్కడ గూడ కలువాలె. సందు పనికిరాదు," అన్నడు.

కైలాసం ఆలోచన చెయ్యలే. చౌకీ లోపట ఉండె, బువ్వ లోపట ఉండె, కాళ్లు గుంజుతుండె. లోపటనే నిలబడి సందు మూసేసిండు.

తెల్లారి లక్సెట్టిపేటకు పోదామని బయలెల్లిండు. గీత కాడ కాలు లేపిండు. కాలు లేచింది, దిగెటప్పుడు మళ్ల ఇటే దిగింది. నొప్పి లేదు, ఏం లేదు. ఎడ్ల బండిల కూసోబెట్టి తీసుకపోయిన్రు. ఎడ్లు దాటినయి, బండి దాటింది, కైలాసం ఇటుపక్క దుబ్బల కూసోని ఉన్నడు. హనుమండ్లు వీపు మీద ఎక్కించుకొని ఉరికిండు. అవతలికి పోయి చూసుకుంటె అతని చేతుల సారు చెప్పులే ఉన్నయి.

"నువ్వు గీసిన గీత, నిన్ను ఎట్ల ఇడుస్తది?" అన్నది లస్మవ్వ. అంతే. అందరికి సమజైంది, ఇంక ఎవ్వలు దాని గురించి అడుగలే. రెండుసార్లు బదిలీ కాయితం వచ్చింది. "గీత దాట వీలు పడనందున హాజరు కాలేను," అని కైలాసం రాసి పంపిండు. ఆఫీసోళ్లు దాన్ని ఫైలుల పెట్టుకున్నరు.

అగ్గి లేని తోట అని దేవదాస్‌కు మంచి పేరు వచ్చింది. "గట్లనే కానియ్యి కైలాసం," అని వచ్చినప్పుడల్ల భుజం తట్టి, జీపెక్కి గీత దాటి పోయేటోడు.

కైలాసం పెండ్లాం సక్కుబాయి మొదట చౌకీలనే ఉండె. బిడ్డ అనసూర్యకు రెండేండ్లప్పుడు చలిజరం వచ్చింది. తగ్గింది, మళ్ల వచ్చింది. లస్మవ్వ పసుపుకొమ్ము కాల్చి పిల్ల కుడి మణికట్టు మీద వాత పెట్టింది. పిల్ల ఏడుస్తుంటె చెయ్యి కదలకుంట పట్టుకున్నది కైలాసమే. మూడోసారి జరం వచ్చినప్పుడు లక్సెట్టిపేట దవాఖాన డాక్టరు సక్కుబాయి మీద కోపం జేసిండు. "ఇంకొకసారి జంగల్కు తోలుకపోయినవంటె పిల్లను మర్చిపో," అన్నడు.

అప్పట్నించి తల్లీబిడ్డలు లక్సెట్టిపేటల. సక్కుబాయి నెలకొకసారి ఒక్కతే వచ్చి పచ్చడి, ఉతికిన అంగీలు ఇచ్చి పోయేది. బిడ్డ లోపలికి రావద్దు, తండ్రి బయటికి పోలేడు. అట్ల నాలుగేండ్లు గడిచినయి.

"నన్ను యాది జేస్తదా?" అని అడిగేటోడు కైలాసం.

సక్కుబాయి అబద్ధం ఆడేది కాదు. "బాపు ఏడున్నడంటె అడివి దిక్కు చూపిస్తది. మొఖం యాదికి లేదు ఆమెకు."

ఒక మాఘంల కైలాసం ఒక ఉపాయం జేసిండు. గీతల పది అడుగుల జాగ ఊడ్వకుంట ఇడిసిపెట్టిండు. గీత తెగితె తనూ ఇడుపు అయితడని. మూడో దినం టేకు తోట నడుమ నిలబడి చూసిండు. ఒక్కొక్క మొక్కను కూలీలతోని కలిసి తన చేత్తో నాటిండు. చిన్నయి మోకాలెత్తు, పెద్దయి మనిషి ఎత్తు. ఆ జాగకు తానే పోయి ఆకు ఊడ్చి వచ్చిండు. ఊడ్చుకుంట ఏడ్చిండని హనుమండ్లు చూసిండు గని, ఎవ్వలకూ చెప్పలే.

ఐదో యేడు ఫాల్గుణంల ఇప్పపువ్వు రాలుడు మొదలైంది. పొద్దుగాల రాలిన పువ్వు ఎండల పడకముందె ఏరుకోవాలె. చెట్ల కింద ఎండుటాకులు నిండి ఉంటయి, వాటిల పువ్వు కనవడదు. అందుకని జనం చెట్టు కిందికి జర అగ్గి పెట్టి ఆకు కాల్చుకుంటరు. జంగ్లాతోళ్లు వద్దంటరు, ఊడ్చుకోమంటరు. గీత లోపట కైలాసం ఎవ్వల్ని కాల్వనియ్యలే.

లస్మవ్వకు గీత లోపట ఒక ఇప్పచెట్టు ఉండె, అత్త కాలం నాటి వాటా. నాలుగేండ్లు ఊడ్చుకున్నది. ఈసారి ఆమె మోకాళ్లు వంగలే. వాకిట్ల పొయ్యిలకెల్లి రెండు నిప్పులు కుండ పెంకుల వేసుకొని, ఊదుకుంట, గీత దాటి వచ్చి చెట్టు కింద పెట్టింది. అప్పుడే గాలి లేచింది.

మంచె మీది మనిషి కేక పెట్టెటాళ్లకు గడ్డి అంటుకున్నది. లస్మవ్వ కొంగు కాలి, మొఖం మీద మసితోని ఉరికి వచ్చింది.

"సారూ, నన్ను కొట్టు సారూ. నేనే పెట్టిన."

"ఎట్ల పెట్టినవు? అగ్గి గీత దాటదు గదా!"

"పెంకుల తెచ్చిన గద. ఉరికే అగ్గిని ఆపుతది గీత. పొయ్యిల అగ్గిని ఎందుకు ఆపుతది, బిడ్డా?"

ఆ మాట ఇననీకి కైలాసంకు తీరిక లేదు. అతని మనసుల ఒకటే ఉన్నది. ఈ అగ్గి గీత లోపట పుట్టింది. బయటికి పోలేదు. తనూ పోలేడు. ఒక్క కంచెల ఇద్దరు.

"అందరు అవతలికి పోన్రి," అని కేక పెట్టిండు. ఆడోళ్లు, కూలీలు, కావలోళ్లు గీత దాటి పోయిన్రు. హనుమండ్లు పోలే.

"నువ్వెందుకున్నవ్?"

"నా అగ్గిపెట్టెలు నీ సందుగల ఉన్నయి. అవి ఇడిసిపెట్టి యాడికి పోవాలె?"

అతన్ని చూసి పదిమంది కావలోళ్లు ఎనుకకు వచ్చిన్రు. పచ్చికొమ్మలు ఇరిచి మంటను కొట్టిన్రు. అగ్గి ఒక దిక్కు గీత దాంక పోయి తాకి, తిరిగి వచ్చి ఇంకో దిక్కు పోయేది. దారి దొరకని అగ్గికి కోపం ఎక్కువ. టేకు తోట దిక్కు తిరిగెటాళ్లకు కైలాసం చౌకీకి ఉరికి సందుగ తెరిచిండు. రెండు వందల అగ్గిపెట్టెలు ఉన్నయి. ఒకటి తీసుకొని, తోట ముంగట ఎండుగడ్డికి తన చేత్తోనే ముట్టిచ్చిండు. వచ్చే అగ్గికి ఎదురు అగ్గి. రెండు నడిచొచ్చి ఒకదాన్నొకటి తాకి, తిననీకి ఏం మిగలక పండుకుంటయి. జంగ్లాత్ పనుల అన్నిటికంటె భయమైన పని అది. ఆ పొద్దంతా, ఆ రాత్రంతా అదే పని. చౌకీ కాలిపోయింది, సందుగ కాలిపోయింది. తోటల మూడొంతులు మిగిలింది.

తెల్లారెటాళ్లకు గీత పక్కన మొద్దుల మీద పన్నెండుమంది మొగోళ్లు నెత్తి పట్టుకొని కూసోని ఉన్నరు. మసి పట్టి అందరిది ఒకటే మొఖం.

గీత లోపట అగ్గి లేచిందని రాత్రే లక్సెట్టిపేటకు ఎరుకైంది. సక్కుబాయి బిడ్డను ఎత్తుకొని వెదురు లారీ ఎక్కి వచ్చింది. జరం రానీ, ఏమన్న రానీ, తండ్రిని ఒకసారి చూడాలె బిడ్డ, అనుకున్నది. వచ్చి అవతలి ఒడ్డున నిలబడ్డది. పొగల అవతల నల్లటి మనుషులు కనవడ్డరు. తనోడు అండ్ల ఉన్నడో లేడో తెలుస్తలేదు. అడుగనీకి నోరు రాలే. అడిగితె చెప్తరని భయం.

చేతులు ఊకె ఉండలేక మూడు రాళ్లు పెట్టింది. గూడెం ఆడోళ్లు జొన్నరవ్వ, కుండల నీళ్లు తెచ్చిన్రు. మొగోళ్లకు ఇంత గటక పొయ్యాలె. పుల్లలు పేర్చినంక చూసుకుంటె ఒక్కరి కాడ అగ్గిపెట్టె లేదు. అన్నీ సారు గుంజుకున్నడాయె.

"ఇంత జంగల్ కాలింది, పొయ్యిలకు నిప్పు లేదు సూడు," అని ఎవ్వరో నవ్విన్రు.

సక్కుబాయి ఒక పెంకు బిడ్డ చేతికిచ్చింది. "పో బిడ్డా, గా మొద్దుల కాడ కూసున్నోళ్లను అడిగి నిప్పులు తే."

అనసూర్య గీత దాటి, కాలిన నేల మీద చెప్పులు చప్పుడు జేసుకుంట వచ్చి, మొదట ఉన్న మనిషి ముంగట ఆగింది.

"సారూ, మా అవ్వ పొయ్యికి అగ్గి అడిగి తెమ్మన్నది."

అతను తల ఎత్తిండు. పెంకు చాపిన చెయ్యి చూసిండు. మణికట్టు మీద గోరంత వాత మచ్చ, చెయ్యితోపాటు పెరిగింది. గొంతుకాడికి వచ్చింది పేరు. పిలిస్తె నల్లటి మొఖం చూసి పిల్ల జడుసుకుంటదని మింగేసిండు. ఏ ఇంటోళ్లయినా పొయ్యికి అగ్గి అడిగితె లేదనరు. కాలుతున్న మొద్దుకెల్లి నాలుగు నిప్పులు పుల్లతోని లాగి పెంకుల వేసిండు.

పిల్ల రెండడుగులు నడిచి ఆగింది. "కాల్తుంది సారూ. నాతోని కాదు."

"ఇయ్యి. నేను తెస్తా. నువ్వు ముంగట నడువు."

నిప్పులు మోసేటోళ్లు కిందికి చూడరు, పక్కకు చూడరు. నిప్పునే చూస్తరు, ఆరుతదేమోనని జరజర ఊదుతరు. కైలాసం అట్లనే నడిచిండు. ఊదుకుంట, పిల్ల చెప్పుల చప్పుడు ఇనుకుంట. హనుమండ్లు లేచి నిలబడ్డడు. నోట్ల నములుతున్న బీడీ కింద పడ్డది. అవతలి ఒడ్డున లస్మవ్వ నోటికి కాలిన కొంగు అడ్డం పెట్టుకున్నది.

కైలాసం వంగి మూడు రాళ్ల నడుమ నిప్పులు పెట్టిండు. పుల్లలు సదిరిండు. సక్కుబాయి ముందుగాల అతని చేతులు చూసింది. చేతులను గుర్తుపట్టింది. తర్వాత కాళ్లు చూసింది, గీతకు ఇవతల అవి ఉన్న జాగ చూసింది. నోరు తెరిచింది. చెప్తె ఎనుకకు తిరిగి చూస్తడని మూసుకున్నది.

"ఊదు," అన్నది. "ఆరిపోతది."

ఊదిండు. పొగ లేచి కండ్లల్ల నీళ్లు వచ్చినయి. మసి మీదికెల్లి కారిన నీళ్లు చెంపల మీద రెండు తెల్లటి చారలు జేసినయి. అనసూర్య మోకాళ్ల మీద కూసోని ఆ మొఖంలకు చూసింది.

"ఎవ్వలే అవ్వా, ఈ సారు?"

పుల్ల అంటుకున్నది. సక్కుబాయి గటక కుండ తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

"గిన్నెలు కడుగు బిడ్డా," అన్నది. "మీ బాపుకు ముందుగాల పెడదాం."