పావు వంతు జాగా

కోడలు కుట్టు మిషను తలకాయ వెనక్కి వంచి చమురు చుక్కలు వేస్తోంది. చెప్పులైనా విప్పకుండా మున్సిపాలిటీ ఆఫీసరు గుమ్మం దాటి లోపలికొచ్చాడు. కొలవడానికి టేపు తెచ్చుకోలేదు. ఆమె మెళ్లో వేలాడుతున్నదే లాక్కున్నాడు.

ఇల్లంతా కలిపి ఒక్కటే గది. మిషను, కత్తిరింపు బల్ల, కాలర్ల మూట అన్నీ కొలిచి, "ఇంట్లో వ్యాపారమైతే పావు వంతు జాగాకి మించకూడదు. నీది మించింది. రేపు పదింటికి మిషను పట్టుకుపోతాం" అన్నాడు.

"పనయ్యాక ఇక్కడే పడుకుంటాం సార్. అప్పుడెంత వంతు?"

"రూల్లో పక్కల మాట లేదు."

"పెద్ద వీధి లాయరుగారు కింద గదంతా ఆఫీసు పెట్టారే?"

"ఆయనకి పైన మూడున్నాయమ్మా."

నాలుగు గదులున్నవాడికి పావు వంతంటే ఒక గది. ఒక్క గదివాళ్లకి పావు వంతంటే కాళ్లు ముడుచుకుని కూర్చోడానికే సరి.

సాయంత్రం సందులో ఆడవాళ్లంతా కుళాయి దగ్గర చేరారు. ఊరి బయట బట్టల కాంట్రాక్టరు కుట్టు షెడ్డు లేచిన నెలకే ఈ రూలు బయటికొచ్చింది. వీళ్లకి ఇంట్లో కుట్టడానికి బట్ట ఇచ్చేదీ వాడే.

"నాది ఉత్త కాజాల పని. చేటంత జాగా పట్టదు. నా జోలికెవడొస్తాడు?" అంది కాజాలపిన్ని.

"నావి గుండీలేగా" అంది గుండీలక్క.

కోడలు ఇంట్లోంచి ఓ చొక్కా తెచ్చి పిన్ని ఒళ్లో పడేసింది. "మెడ దగ్గర కాజా కుట్టు పిన్నీ."

పిన్ని అటూ ఇటూ తిప్పింది. "దీనికి మెడేదే?"

"రేపట్నుంచి ఏ చొక్కాకీ ఉండదు. కాలర్లు కుట్టేది నేనొక్కదాన్నేగా! నా మిషను పోతే మీ కాజాలెక్కడ, గుండీలెక్కడ? సందు సందంతా షెడ్డుకి నడవాలి. ఆ కాంట్రాక్టరుకి కావలసిందదే."

గుండీలక్క బిందె ఠప్పున కింద పెట్టింది. "అయితే వాడి కాళ్లు పట్టుకుందామా?"

"మిషనున్నవాళ్లం మిషను, లేనివాళ్లం సూదీ దారం పట్టుకెళ్లి మున్సిపాలిటీ ఆఫీసు మెట్ల మీదే కూర్చుని కుడదాం. వాళ్ల వరండా కొలుచుకోమందాం!"

"మావాడు ఊరుకోడే" అని ఎవరో గొణిగారు.

"మీవాడి పొట్ట నింపేది నీ సూదేగా. ఊరుకోక ఏం చేస్తాడు?" అంది పిన్ని. అందరూ పకపకా నవ్వారు.

గుమ్మంలో కూర్చున్న అత్త నవ్వలేదు. "నీకెందుకే ఈ పెద్దరికం? నోరు మూసుకుని షెడ్డుకి పో. జైల్లో కాలర్లు కుట్టిస్తారా?"

"షెడ్డు ఎట్లా ఉంటుందో నువ్వే చెప్పత్తా."

ఈ కాంట్రాక్టరు తండ్రి షెడ్డులో అత్త పన్నెండేళ్లు కుట్టింది. తలుపుకి బయట తాళం ఉండేది. సూది వేల్లోకి దిగబడిన రోజున కూడా పని గంటలు అయ్యేదాకా ఎవడూ తాళం తియ్యలేదు. ఆ వేలు ఇప్పటికీ వంగదు. అత్త దాన్ని చీర కొంగులో దాచుకుంది.

మర్నాడు తొమ్మిదిన్నరకే సందు చివర మున్సిపాలిటీ జీపు హారను మోగింది. మోసుకెళ్లడానికి కోడలు మిషను విప్పుతోంది. స్క్రూ కదల్లేదు. అత్త లేచి ఆమెని పక్కకి జరిపింది. వంగని వేలుని అడ్డం పెట్టి స్క్రూ తిప్పి, మిషను తలకాయని ఎత్తి చంకన పెట్టుకుంది.

బయట సందంతా మిషన్లు, సూదీ దారాలు పట్టుకుని నిలబడి ఉంది. అత్త గడప దాటి అందరికంటే ముందు ఆఫీసు వైపు నడిచింది.