పడుకున్న బీరువా

ముప్పయ్యేళ్లపాటు వడ్రంగి మేస్త్రి బీరువాలకు చిలకలు చెక్కుతూనే ఉన్నాడు. వచ్చిన ప్రతివాడికీ తలుపు మీద చిలక కావాలి, పైన ద్రాక్షగుత్తులు కావాలి, కింద సింహం పాదాలు కావాలి. చెక్కీ చెక్కీ చిలక పేరెత్తితేనే ఆయనకు ఒళ్లుమండేది. అలాంటి రోజుల్లో ఒక పాత పత్రిక చేతికి చిక్కింది. అరవై డెబ్భయ్యేళ్ల కిందటి గదుల ఫోటోలు. ఒక దాంట్లో నేలబారుగా, పొడుగ్గా, సన్నటి కాళ్ల మీద ఒక బీరువా ఉంది. చిలక లేదు, ద్రాక్ష లేదు, ఆఖరికి పిడి కూడా లేదు. మేస్త్రి కళ్లప్పగించి ఉండిపోయాడు.

పని మానేసిన ఏడాదే అలాంటిది తన ఇంటికోసం చేసుకున్నాడు. ఆరడుగుల పొడవు, నడుము దాటని ఎత్తు. కాళ్లు కిందికి వచ్చేకొద్దీ సన్నబడ్డాయి. ముందు రెండు జరిపే తలుపులు, ఒక్కో తలుపుకి వేలు పట్టేంత చిల్లు. అంతే.

చిన్నకోడలు చుట్టూ తిరిగి చూసింది. "బాగుంది మామయ్యా. ఎప్పుడు నిలబెడతారు?"

"నిలబడే ఉందమ్మా."

"పడుకున్నట్టుంది కదా అని."

"ఆ కాళ్లేంటి, జ్వరంపడి లేచినట్టున్నాయి" అంది పెద్దకోడలు.

మేస్త్రి నొచ్చుకున్నాడు గానీ బయటపడలేదు. పడుకున్న బీరువా అనే పేరు మాత్రం ఖాయమైపోయింది.

అసలు చిక్కు తలుపులతో వచ్చింది. ఎడమ సగం తెరవాలంటే ఆ తలుపు కుడివైపుకి జరగాలి. అప్పుడు కుడి సగం మూసుకుపోతుంది. ఎడమవైపు పెద్దకోడలి పళ్లేలు, కుడివైపు చిన్నకోడలి కప్పులు. అంతవరకూ ఆ తోడికోడళ్ల మధ్య పల్లెత్తు మాట లేదు. ఇప్పుడు పొద్దున్నే ఒకామె పళ్లెం అందుకునేలోపు రెండో ఆమె "అక్కా, ఒక్క కప్పు తీసుకుంటా" అంటూ తలుపు లాగేసేది. వారం తిరిగేసరికి ఆ అక్కా అన్న పిలుపు కూడా పోయింది.

"కీలు తలుపులు పెట్టేయొచ్చుగా మామయ్యా" అని ఇద్దరూ విడివిడిగా వచ్చి అడిగారు.

"కీలు పెడితే గీత చెడుతుంది" అన్నాడు మేస్త్రి.

ఆ గీత ఏమిటో ఇద్దరికీ అర్థం కాలేదు. అది చెడితే ఎవరికి నష్టమో అంతకన్నా అర్థం కాలేదు.

ఇంతలో ఎవరి నోటి ద్వారానో ఈ సంగతి ఒక పత్రికకు చేరి, ఫోటోలు తీస్తామని అక్కడినుంచి ఒకమ్మాయి వస్తానంది. మేస్త్రి ఆనందం పట్టలేక బీరువాకు మూడు పూతలు పాలిష్ వేశాడు. చిల్లుల అంచులకు ఇంకో రెండు పూతలు అదనం.

ఆ అమ్మాయి వచ్చి కెమెరా బిగించుకుంది. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "దీనికి పిడి అక్కర్లేదమ్మా. ఒక్క వేలు చాలు." ముందు తలుపు చిల్లులో చూపుడువేలు దూర్చాడు. తలుపు వెన్నలా జరిగింది. వేలు మాత్రం తిరిగి రాలేదు. పూత మీద పూత పడి చిల్లు ఇరుకైపోయింది.

సరిగ్గా అప్పుడే పెద్దకోడలు బిస్కెట్లకి పళ్లెం కావాలని వచ్చి తలుపుని కుడివైపుకి తోసింది. మేస్త్రి దాంతోపాటు పీతలా కుడివైపుకి నడిచాడు. వెనకే చిన్నకోడలు కప్పుల కోసం వచ్చి ఎడమవైపుకి తోసింది. మేస్త్రి ఎడమవైపుకి నడిచాడు.

"కాస్త తప్పుకోండి మామయ్యా" అంది పెద్దకోడలు.

"తప్పుకునే వీలుంటే తప్పుకోనా?" అన్నాడాయన, అతిథి ముందు నవ్వు చెదరకుండా.

ఇంకో రెండు ట్రిప్పులయ్యాక గానీ కోడళ్లకు సంగతి అర్థం కాలేదు. ఒకామె సబ్బు అంది, రెండో ఆమె నూనె అంది. పాలిష్ పాడవుతుందని మేస్త్రి రెండిటికీ ఒప్పుకోలేదు. "తలుపు పైకెత్తి, కింది అంచు ముందుకి లాగండి. గాడిలోంచి వచ్చేస్తుంది" అన్నాడు.

చెరో వైపూ పట్టి ఎత్తారు. వచ్చేసింది. మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి తలుపు ఆయన ఒళ్లో పెట్టారు. పెద్దకోడలు మళ్లీ బీరువా దగ్గరికి వెళ్లి, రెండో తలుపు కూడా ఎత్తి గోడకి ఆనించింది. బీరువా ఈ చివర నుంచి ఆ చివరదాకా తెరుచుకుంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకరు పళ్లేలు, ఒకరు కప్పులు తీశారు.

"అక్కా, ఆ పంచదార డబ్బా ఇటివ్వు" అంది చిన్నకోడలు. పెద్దకోడలు ఇచ్చింది.

టీ వచ్చింది. మేస్త్రికి ఒక చెయ్యే ఖాళీ. చిన్నకోడలు ఆయన కప్పునీ, నాలుగు బిస్కెట్లనీ ఒళ్లో ఉన్న తలుపు మీదే సర్దింది. ఆ అమ్మాయి ఠక్కున ఫోటో తీసుకుంది. ఆమె వెళ్లాక నూనె రాస్తే వేలు బయటికొచ్చింది.

నెలకి పత్రిక వచ్చింది. బీరువా ఫోటో అగ్గిపెట్టెంత. మేస్త్రి ఫోటో పేజీ నిండా. కింద ఇలా ఉంది: 'చిల్లులో వేలు పెట్టి పట్టుకునే ఒడి బల్ల. కప్పు తొణకదు.' ఆ వారంలోనే ఒడి బల్ల కావాలని పదకొండు ఉత్తరాలు వచ్చాయి.

మేస్త్రి మూడు రోజులు అలిగి కూర్చున్నాడు. నాలుగో రోజు ఉత్తరాలు మళ్లీ తిరగేశాడు. ఒక్కరూ నగిషీ అడగలేదు. సాదాగా, గుండ్రటి అంచుతో, పలచగా ఉంటే చాలన్నారు. ఆయన లేచి పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు.

ఇప్పుడు పొద్దున లేచింది మొదలు ఆయనకు ఒడి బల్లలు తప్ప వేరే ధ్యాస లేదు. బీరువా తలుపులు రెండూ ఏమయ్యాయని ఇంతవరకూ అడగలేదు. అవి తమ మంచాల కింద చెరొకటి ఉన్న సంగతి కోడళ్లూ చెప్పలేదు.