రేకు ఒలిచిన మాత్రలు

బెళుగుప్ప దగ్గరి ఒక చేనిలో చిన్న పంటకుంట ఉంది. వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయాక, ఆ ఇంటికి కుంటలోని చేపలే ఆశ అయ్యాయి. వాటిని సాకింది ముసలామె లక్ష్మీదేవి. జీవితమంతా చెనక్కాయలు పెరికి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. నొప్పి మాత్ర పడితే గానీ అడుగు వేయలేకపోయేది. అయినా కుంటుకుంటూ వెళ్లి తవుడు చల్లేది. ఆమె గట్టెక్కితే చేపలన్నీ అటే చేరేవి.

ఎండాకాలంలో ఆమె పోయింది. దినం అయ్యాక, ఆమె వాడినవి గంగలో వదలాలన్నారు. ఏరు ఎండి ఇసుక తేలింది. మోకాలి లోతు నీళ్లున్నది తమ కుంటలోనే. కోడలు మారెక్క అత్త చీరతో పాటు మిగిలిన మాత్రలనూ అక్కడికే తెచ్చింది. శుభ్రం తెలిసిన మనిషి కదా, రేకులు పడితే నీళ్లు మురికవుతాయని ఒక్కో మాత్రనూ ఒలిచి మరీ వేసింది.

"నీ నొప్పులన్నీ గంగమ్మ తీసుకోనీ అత్తా" అని కళ్లు తుడుచుకుంది. ఆ ప్రేమలో కల్మషం ఉందని ఎవరనగలరు?

కొన్నాళ్లకు తవుడు చల్లినా చేపలు పైకి రావడం మానేశాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి. పక్క చేని సుబ్బరత్నమ్మ వాళ్లే విషం కలిపారని మారెక్క భర్త మల్లికార్జున వాళ్ల మీదికి తగువుకు పోయాడు. చేపల శాఖలో పనిచేసే ప్రశాంతి వచ్చి మొప్పలు విప్పి చూసింది. నీళ్లలో ఏమైనా పడిందా అని అడిగితే, మారెక్క దాచకుండా చెప్పింది.

ప్రశాంతి చేతిలోని చేపను గట్టు మీద పెట్టింది.

"పరీక్ష చేస్తే గానీ గట్టిగా చెప్పలేనక్కా. కానీ ఈ నొప్పి మందు చేపల మొప్పల్ని, మూత్రపిండాల్ని చెడగొడతాది. నీళ్లు చూస్తే ఇంత తక్కువుండాయి. చేపలు యాడికి పోతాయి?"

మారెక్క గట్టు మీద కూలబడింది.

"రేకు మురికనుకుంటి మేడం. మందు మురికనుకోలేదు. మా అత్త సాకినవాటిని ఆమె మాత్రల్తోనే సంపుకుంటి."

మల్లికార్జున తలవంచుకుని సుబ్బరత్నమ్మ ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. ఆమె కోపం దిగమింగి కుంట దగ్గరికి వచ్చింది. మారెక్క చేపలను గుంతలో పూడుస్తోంది. తమ ఇంట్లోనూ పాత మాత్రలు కాలువలోనే పారేస్తామని సుబ్బరత్నమ్మ మెల్లగా అంది.

మారెక్క మట్టి చేతులతోనే ఆమె చేయి పట్టుకుంది.

"ఇంక ఎయ్యొద్దక్కా. నీళ్లలో ఏసిన మందు యాడికీ పోదు, ఆ నీళ్లలో బతికేటివే దాన్ని మింగుతాయి."